సాంచాల చప్పుడులో బాపు చెప్పిన కథ

మా బాపు మాట్లాడడని మా చుట్టాలందరిదీ ఒకటే ఫిర్యాదు. పెళ్ళికి వెళ్తే ఒక మూల కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. పలకరిస్తే తల ఊపుతాడు. "నీ బిడ్డ మంచిగ సదువుతున్నదా?" అని అడిగినా ఊపుతాడు, "మీ గల్లీల ఎవరో పోయిండట గదా?" అని అడిగినా అదే ఊపు. సూరత్‌లోనే ఉండే మా మేనత్త ఒకసారి బంతిలో అందరూ వింటుండగా, "మా అన్నకు ఏం జెప్పినా చెవిటోని ముందట శంఖమూదినట్టే" అని నవ్వింది. బాపు ఆ మాట కూడా వినబడక తల ఊపాడు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. విస్తరి మడిచి లేచి వచ్చేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మా అమ్మ నుంచి వచ్చింది.

బాపు తెలంగాణలో ఊరు వదిలి సూరత్ వచ్చి, లింబాయత్‌లో సాంచాల మీద పనికి చేరాడు. సాంచా అంటే మరమగ్గం. మా దిక్కు నేతపనివాళ్ళు దాన్ని అలాగే అంటారు. ఒక రేకుల షెడ్డులో వరుసలు వరుసలుగా సాంచాలన్నీ ఒక్కసారి నడుస్తుంటే, ఆ చప్పుడు చెవులతో వినేది కాదు, పళ్ళతో వినేది. దాని మధ్య నిలబడి నిలబడి బాపు చెవులు మెల్లగా పోయాయి. ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియదు. తెలిసినా ఒప్పుకోడు. అమ్మ ఒకసారి డాక్టరు మాట ఎత్తితే, "నాకేమైంది? నువ్వే మెల్లగ మాట్లాడుతున్నవ్" అన్నాడు. మా అమ్మ మెల్లగా మాట్లాడటం! ఆమె వంటింట్లోంచి నన్ను పిలిస్తే, పక్క గల్లీలో నా పేరే ఉన్న ఇంకో పిల్ల పరుగెత్తుకొచ్చేది.

ఆ ఏడాదే ఒకనాడు అమ్మకు జ్వరం వచ్చింది. బాపుకు మధ్యాహ్నం అన్నం డబ్బా నేను పట్టుకుపోవాల్సి వచ్చింది. కార్ఖానా తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాను. మొదట ఆ చప్పుడుకు కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మా బాపు మాట్లాడుతున్నాడు.

నోటితో కాదు. చేతులతో, కనుబొమలతో, మెడతో, భుజాలతో. ఈ వరుసలో నిలబడి ఆ చివరి వరుసలో ఉన్న, మేం కాక అని పిలిచే ఒకాయనతో ఏదో చెబుతున్నాడు. కాక దాన్ని పక్కవాడికి చెబుతున్నాడు, పక్కవాడు ఇంకొకడికి. చెప్పడం అయ్యేలోపే వరుసంతా కడుపులు పట్టుకొని నవ్వుతోంది. బాపు మాత్రం ఏమీ ఎరగనట్టు తన సాంచా వైపు తిరిగి పోగు ముడివేసుకుంటున్నాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని సామెత. మా ఇంట్లో అది తిరగబడింది.

నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళు మండింది. ఇంత మనిషిని వీళ్ళు తమ దగ్గరే ఉంచుకొని, మా ఇంటికి తల ఊపే మనిషిని పంపిస్తున్నారనిపించింది.

అప్పటినుంచి అమ్మకు జ్వరం లేకపోయినా డబ్బా నేనే తీసుకెళ్ళేదాన్ని. ఆ భాష నేర్చుకున్నాను. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. బొటనవేలు పెదవుల దగ్గరికి తెస్తే చాయ్ వచ్చిందని. రెండు చేతులతో నడుము పట్టుకొని ప్యాంటు పైకి లాక్కున్నట్టు చేస్తే సేఠ్ వస్తున్నాడని. సేఠ్ అంటే కార్ఖానా యజమాని, గుజరాతీ పెద్దాయన. ఏ మాట మొదలుపెట్టాలన్నా ముందు ప్యాంటు పైకి లాక్కుంటాడు. తన పేరు అదే అయిపోయిందని ఆయనకు పాపం తెలియదు.

ఒక సాయంత్రం ఇంట్లో బాపు ముందు నిలబడి బొటనవేలు పెదవుల దగ్గర పెట్టి, చాయ్ తాగుతావా అని అడిగాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన ముఖం వాడిపోయింది. తలుపు వైపు చూసి, "ఇంట్ల గట్ల జెయ్యకు బిడ్డా. చూసినోళ్ళు నన్ను చెవిటోడు అనుకుంటరు" అన్నాడు. అనుకోవడం ఏమిటి బాపూ అనబోయి, చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాను. మళ్ళీ ఎప్పుడూ ఇంట్లో చేతులు ఎత్తలేదు.

నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివాను. బతుకమ్మ ఆడాను, గర్బా ఆడాను. ఆడపిల్లలందరూ ఆడేవాళ్ళే, పెద్దయ్యాక మానేశారు, నేను ఆపలేదు. కాలేజీ అయ్యాక ఆల్థాన్‌లో చిన్నపిల్లలకు డాన్సు నేర్పే ఒక క్లాసులో సాయంగా చేరాను. లింబాయత్ నుంచి షేర్ ఆటోలో ఒంటి తొడ మీద కూర్చొని వెళ్ళేదాన్ని. ఆ క్లాసు నడిపే దీదీ ఒకరోజు తన ఫోన్ నా ముందు పెట్టి, "ఇది నీకోసమే పెట్టినట్టుంది, చూడు" అంది.

అది సరిహద్దులు దాటి యువ కళాకారులను కలిపే ఒక బృందం. మన దేశం, నేపాల్, శ్రీలంక, ఇంకా చుట్టుపక్కల దేశాల్లో నాటకాలు వేసేవాళ్ళు, పాడేవాళ్ళు, బొమ్మలు ఆడించేవాళ్ళు, వాళ్ళ వెనక ఉండి లైట్లు కట్టేవాళ్ళు, సభలు నడిపేవాళ్ళు అందరూ అందులో ఉంటారు. కొంతకాలం ఒకరి పని ఒకరు చూసుకుంటూ, తప్పులు చెప్పుకుంటూ పనిచేస్తారు. ఆ తర్వాత ఒక దేశంలో తయారైన పనిని ఇంకో దేశానికి తీసుకెళ్తారు. చేరాలంటే ముందు రెండు నిమిషాల వీడియో పంపాలి.

గర్బా, బతుకమ్మ కలిపి ఒక డాన్సు చేసి రికార్డు చేసుకున్నాను. చూసుకుంటే నాకే ఆవలింత వచ్చింది. అప్పుడు డబ్బా పట్టుకొని కార్ఖానాకు పోయి, బాపు చేతులను ఫోన్‌లో తీస్తానన్నాను. ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. "చేతులే. మొకం రావద్దు" అన్నాడు. ఆ చేతులూ, వాటికి ఎదురుగా సమాధానం చెబుతూ ఆడిన నా చేతులూ కలిపి పంపించాను.

పిలుపు వచ్చింది. అయితే పూర్తిగా తీసుకున్నట్టు కాదు, కొన్ని నెలలు చూస్తామన్నారు. వారానికోసారి అందరం ఫోన్లలో కలిసేవాళ్ళం. నేపాల్ నుంచి బొమ్మలాట ఆడించే అబ్బాయి మాట్లాడుతుంటే వెనక కోడి కూసేది. నేను మాట్లాడుతుంటే కింద అంతస్తులో సాంచాలు మోగేవి. మమ్మల్ని నడిపించే ఆమె కొలంబోలో ఉండేది. వాళ్ళ భాషలోనూ అక్కను అక్కే అంటారని తెలిశాక నాకు పట్టపగ్గాల్లేవు. నోరారా అక్కా అక్కా అని ప్రాణం తీశాను. మా అందరిదీ విరిగిన ఇంగ్లీషే. ఎవరిది ఎక్కువ విరిగిందని పోటీ పెట్టుకొని నవ్వుకునేవాళ్ళం. తప్పు ఉంటే మాత్రం అక్క మొహమాటపడేది కాదు. "ఇది అందంగా ఉంది, కానీ ఇది నీది కాదు" అని నా ఆట నుంచి సగం తీసిపారేసింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోరోజు ఆమె చెప్పిందే నిజమని తేలి, నా మీద నాకే కోపం వచ్చింది.

చివరికి మిగిలిన పని ఇది. కార్ఖానాలో ఒక చివర బాపు. ఇంకో చివర నేను. మధ్యలో సాంచాల మీద పనిచేసేవాళ్ళు. బాపు చేతులతో చెప్పిన మాట ఒకరి నుంచి ఒకరికి దాటుకుంటూ నా దగ్గరికి వస్తుంది. నా దగ్గరికి వచ్చింది ఎలా వస్తే అలా నేను ఆడి చూపిస్తాను. పోగు తెగడం, చాయ్ రావడం, సేఠ్ రావడం అని మూడు ముక్కలు రాసుకున్నాం.

ఆ బృందానికి ఒక పద్ధతి ఉంది. ఏ పనినైనా ముందు అది పుట్టిన చోట, దాని మనుషుల మధ్య ఆడాలి. మిగతావాళ్ళు అక్కడికే వచ్చి చూస్తారు. "పుట్టిన చోట నిలబడితేనే సరిహద్దు దాటుతుంది. నిలబడకపోతే ఇంతవరకూ చేసినందుకు సంతోషం, అంతే" అంది అక్క. నిలబడితే నా పని కొలంబో వెళ్తుంది. లేదంటే నేను ఆల్థాన్‌లో పిల్లల కాళ్ళకు గజ్జెలు కట్టుకుంటూ ఉంటాను.

నాకు కొలంబో కావాలి, దాపరికం ఎందుకు. కానీ దానికంటే ఎక్కువగా ఇంకొకటి కావాలి. కార్ఖానాలో నేను చూసిన బాపును బయటివాళ్ళు ఒక్కసారి చూడాలి. అందుకే అమ్మతో పాటు మా మేనత్తను కూడా పిలిచాను. ఆమెను పిలవడానికి నా కోపాన్ని ఎంత మింగానో నాకే తెలుసు.

బాపును ఒప్పించడానికి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సి వచ్చింది.

"మేం ముచ్చట వెట్టుకునుడు చూసుటానికి దేశం దాటి వస్తరా? వాళ్ళకు పని లేదా?" అన్నాడు.

"వాళ్ళకు గదే పని బాపూ."

"మంచి పనే దొరికింది" అని కాసేపు నవ్వాడు. తర్వాత, "కార్ఖానల అయితె సరే. ఇంటికాడ మాత్రం వద్దు" అన్నాడు.

సేఠ్ అయితే నేను అడగడం పూర్తికాకముందే ప్యాంటు పైకి లాక్కొని, "విదేశీ మెహమాన్? మేరే యహాఁ? సబ్ ఇంతెజామ్ మేరా" అన్నాడు. ఆ ఏర్పాట్లన్నీ తనవే అన్న మాటకు నేను మురిసిపోయాను. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

వాళ్ళు వచ్చిన రోజు స్టేషన్ నుంచి రెండు షేర్ ఆటోల్లో కుక్కుకొని బయల్దేరాం. అక్క, నేపాల్ అబ్బాయి, మరో ముగ్గురు. దారిపొడుగునా వాళ్ళకు బడాయిగా చెప్పుకుంటూ వచ్చాను. ఇంకా గల్లీ రాకముందే వినిపిస్తుంది చూడండి అన్నాను. గల్లీ వచ్చింది. ఏమీ వినిపించలేదు. కార్ఖానా గడప దగ్గర ఆటో ఆగేసరికి కుక్క ఒళ్ళు దులుపుకున్న చప్పుడు కూడా స్పష్టంగా వినబడింది.

సాంచాలన్నీ ఆపేశారు. తలుపుకు బంతిపూల దండ కట్టారు. నేలంతా ఊడ్చి నీళ్ళు చల్లారు. కుర్చీలు వరుసగా వేసి, ఒక్కో కుర్చీ మీద ఒక్కో చల్లని సీసా పెట్టారు. మా అమ్మ, మేనత్త ముందు వరుసలో కూర్చొని ఉన్నారు. కార్ఖానాలో బనీన్ల మీద తప్ప కనబడని మనుషులందరూ ఇస్త్రీ చొక్కాలు వేసుకొని, తల దువ్వుకొని, ఫోటోకు నిలబడ్డట్టు గోడకు ఆనుకొని నిలబడ్డారు. వాళ్ళలో బాపు ఒకడు.

నేతపనివాళ్ళకు ఒక మర్యాద ఉంది. పెద్దమనిషి వస్తే మగ్గం ఆపి లేచి నిలబడాలి. చేతిమగ్గాల కాలం నుంచీ ఉన్న మర్యాద అది. వచ్చిన మనిషి ముందు మగ్గం ఆడిస్తూ కూర్చుంటే, నీకంటే నాకు ఈ పోగే ఎక్కువ అన్నట్టట. దేశం దాటి వచ్చినవాళ్ళ కోసం ఆపకపోతే ఇంకెవరి కోసం ఆపుతారు? సేఠ్ ఆపమన్నాడు, వాళ్ళు అప్పటికే ఆపేశారు. ఎవరూ నన్ను అడగలేదు. అడగాల్సిన విషయమని ఒక్కరికీ తోచలేదు. అంతమంది అంత ప్రేమగా నా కొంప ముంచారు.

సరే, మొదలుపెడదామన్నాను. "కాకా, మనం అనుకున్నట్టు చేతులతోని చెప్పుండ్రి."

కాక చేతులు ఎత్తాడు, దించాడు. "ఎందుకు బిడ్డా? వినవడుతనే ఉన్నది గదా" అన్నాడు.

ఇంకొకతను ధైర్యం చేసి రెండు వేళ్ళు కత్తెరలా ఆడించి, వెంటనే "పోగు తెగింది" అని నోటితో కూడా చెప్పాడు. బడిలో పిల్లలకు పాఠం చెప్పినట్టుంది. మిగతావాళ్ళు సిగ్గుపడి నవ్వారు. నేపాల్ అబ్బాయి మర్యాదగా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు నా చెంపల మీద పడినట్టయింది.

అక్క కుర్చీలోంచి లేచి బాపు దగ్గరికి వెళ్ళింది. నాకు సాయం చేద్దామనే వెళ్ళింది. చేతులు జోడించి, నేర్చుకొని వచ్చిన హిందీలో, మీ చేతుల గురించి మీ అమ్మాయి చాలా చెప్పిందని అంది. బాపు తల ఊపాడు. ఎన్నేళ్ళ నుంచి ఇక్కడ చేస్తున్నారని అడిగింది. బాపు తల ఊపాడు. ఆమె నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి మా మేనత్త, "ఆయనకు వినవడదమ్మా, చెవులు పోయినయ్" అంది. మామూలుగానే అంది. కానీ సాంచాలు ఆగిన కార్ఖానాలో ఆ మాట గోడ గోడకూ తగిలింది. ఎవరో కిసుక్కుమన్నారు. బాపుకు మాట వినబడలేదు, నవ్వు మాత్రం కనబడింది. ఏమన్నారని నన్ను అడగలేదు. ఇంకోసారి తల ఊపాడు.

ఆ క్షణంలో మేనత్తను, సేఠ్‌ను, బంతిపూల దండను, నన్ను, అందరినీ కలిపి తిట్టుకున్నాను. ఆ తిట్ల మధ్యలోనే విషయం తట్టింది. వాన లేనప్పుడు గొడుగు ఎవరు విప్పుతారు? ఈ భాష చప్పుడు కోసం పుట్టింది. చప్పుడు ఉంటే ఇక్కడ అందరూ చెవిటివాళ్ళే. చప్పుడు ఆగితే మా బాపు ఒక్కడే.

సేఠ్ ముందుకు పోయి నిలబడ్డాను. "సేఠ్, మషీన్ చాలూ కరావో" అన్నాను, సాంచాలు నడిపించమని.

"అరే పాగల్, మెహమాన్ కే కాన్ ఫట్ జాయేంగే."

"ఫట్‌నే దో" అన్నాను. చెవులు పగిలితే పగలనీ. ఆ పెద్దాయనతో అలా మాట్లాడటం అదే మొదటిసారి, నాకూ మా కార్ఖానాకూ.

సేఠ్ ప్యాంటు పైకి లాక్కొని అక్క వైపు చూశాడు. ఆమెకు ఏమీ అర్థం కాకపోయినా గట్టిగా తల ఊపింది. ఆయన చెయ్యి ఊపాడు. గోడకు ఆనుకున్న మనుషులు బడి వదిలిన పిల్లల్లా కదిలారు. ఇస్త్రీ చొక్కాలు విప్పి మేకులకు తగిలించారు. ఒక సాంచా మొదలైంది, దాని పక్కది, ఆ పక్కది. బాపు చివరగా చొక్కా మడిచి కిటికీలో పెట్టి తన సాంచా నడిపించాడు. షెడ్డంతా చప్పుడుతో నిండిపోయింది.

వచ్చినవాళ్ళు చెవులు మూసుకున్నారు. అక్క నాతో ఏదో అంది, వినబడలేదు. మళ్ళీ అంది, అదీ వినబడలేదు. ఆమె నవ్వేసింది. మా మేనత్త మా అమ్మ వైపు తిరిగి ఏదో అడుగుతోంది, మా అమ్మ గొంతు చించుకొని ఏదో చెబుతోంది. మా అమ్మ అరుపు కూడా వినబడని చోటు భూమ్మీద ఒకటి ఉందని ఆ రోజే తెలిసింది.

అప్పుడు దూరంగా ఉన్న వరుస నుంచి మా కాక తన నడుము పట్టుకొని ప్యాంటు పైకి లాక్కున్నట్టు చేశాడు. అలవాటు కొద్దీ చేశాడు. సేఠ్ ఇక్కడే నిలబడ్డాడు జాగ్రత్త అని. వరుసంతా ఒకరి తర్వాత ఒకరు ప్యాంట్లు పైకి లాగారు. నేపాల్ అబ్బాయి ఇది ఆటలో భాగమనుకొని లేచి తనూ లాగాడు. సరిగ్గా అదే సమయానికి సేఠ్ రెండు చేతులూ ఆయన నడుము మీదే ఉన్నాయి. ఆయన తన చేతులు చూసుకున్నాడు, వరుస వైపు చూశాడు. ఇన్నేళ్ళ సంగతి ఆయన ముఖంలోకి మెల్లగా ఎక్కింది. ఇక ఆట ఆగినట్టే అనుకున్నాను. పెద్దాయన ప్యాంటు ఛాతీ దాకా లాక్కొని అందరికీ చూపించి, పొట్ట ఊగేలా నవ్వాడు.

ఇక ఎవరికీ జంకు మిగల్లేదు. నేను నిలబడాల్సిన ఈ చివరికి పరుగెత్తుకుపోయి నిలబడ్డాను. ఆ చివర బాపు చేతులు లేచాయి.

మేము రాసుకున్నదాంట్లో మొదటిది పోగు తెగడం. నా దగ్గరికి వచ్చింది అది కాదు. పిడికిళ్ళు రెండూ ముందుకూ వెనక్కూ ఆడుతూ వచ్చాయి. రైలు. తర్వాత నెత్తి మీద మూట. తర్వాత కళ్ళు నులుముకోవడం, తెల్లవారడం. ఒక క్షణం తికమకపడ్డాను. అది కూడా ఆడేశాను, ఎలా వస్తే అలా ఆడతానన్నాను కదా. అప్పుడు అర్థమైంది. బాపు తను సూరత్ వచ్చిన రోజు చెబుతున్నాడు. నాకెప్పుడూ చెప్పలేదు. మా అమ్మకూ చెప్పలేదట.

ఉధ్నా స్టేషన్లో దిగాడు. తీసుకెళ్ళడానికి వచ్చినవాడిది తెల్ల చొక్కా. జనంలో ఆ చొక్కా వెనకే నడిచాడు. నడిచి, బస్సెక్కి, దిగి, మళ్ళీ నడిచి చివరికి కూర్చున్నాడు. చుట్టూ మనుషులు గుండ్రటి బల్లల చుట్టూ వంగి, వేళ్ళ కొసల మధ్య కనిపించనంత చిన్నది పట్టుకొని ఒంటికన్నుతో చూస్తున్నారు. సూరత్‌కు ఆ పక్కనున్న కతర్‌గామ్! వజ్రాలు సానపట్టే కార్ఖానా! ఇంకెవరి తెల్ల చొక్కానో పట్టుకొని పోయి వజ్రాలవాళ్ళ మధ్య కూర్చున్నాడు. సాంచాలు ఎప్పుడు తెస్తారా అని ఎదురుచూస్తూ, వాళ్ళిచ్చిన చాయ్ కూడా తాగాడు. ఆ ఎదురుచూపును ఒక్కొక్కరు తమ తీరులో దాటిస్తుంటే, నా దాకా వచ్చేసరికి అది ఇంకా పొడుగైంది. నేను మెడ సాచి అటూ ఇటూ చూస్తూ ఆడాను. కుర్చీల్లో నవ్వు మొదలైంది.

మధ్యాహ్నానికి వాళ్ళకు అనుమానం వచ్చింది. ఈ కొత్త మనిషి ఎవరు, రాయి ఏమైనా దాచాడా? చొక్కా దులిపారు, లుంగీ మడతలు దులిపారు, మూట విప్పించారు. రాలింది సకినాల పొడి, ఊరి నుంచి మూటగట్టుకొచ్చిన పిండివంట. చూపుడువేలితో గాలిలో చుట్టలు చుట్టి చూపించాడు బాపు. వాళ్ళలో ఒకడు ఒక సకినం ముక్క తీసి, వేళ్ళ కొసల మధ్య పట్టుకొని, ఒంటికన్ను మూసి, వెలుతురులో పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి పరీక్షగా చూశాడు. చూసి నోట్లో వేసుకున్నాడు. తల పంకించాడు. మంచి మాలే అన్నట్టు.

అది నా దాకా రావడానికి ముందే అందరూ నవ్వుతున్నారు. సకినం అంటే ఏమిటో తెలియని అక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నేపాల్ అబ్బాయి లేచి వరుసలోకి దూరి, కాక పక్కన నిలబడి, ఆ ముక్కను కంటి దగ్గర పెట్టుకొని మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. మా అమ్మ స్తంభం పట్టుకొని నిలబడింది. కట్టుకున్నవాడు ఇంత సరదా మనిషా అన్నట్టు చూస్తోంది. మా మేనత్త లేచింది. సాంచాల మధ్య చీర ఒబ్బిడిగా పట్టుకొని బాపు ముందుకు వెళ్ళింది. వేలితో గాలిలో గజిబిజిగా చుట్టలు చుట్టి, తన గుండె మీద కొట్టుకుంది. ఆ సకినాలు నేనే చేసిచ్చిన అని. బాపు ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. నేను ఈ చివర ఆడుతూనే ఏడ్చాను. నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు.

చాయ్ వచ్చాక సాంచాలు ఒక్కొక్కటే ఆగాయి. చెవుల్లో హోరు ఇంకా తగ్గలేదు. అక్క నా దగ్గరికి వచ్చి రెండు భుజాలూ పట్టుకుంది.

"ఇది దాటుతుంది. కొలంబోలో ఒక మరమగ్గాల షెడ్డు అడుగుతాను, చప్పుడుకు కొదవ ఉండదు. మధ్యలో మీవాళ్ళ చోట మేమందరం నిలబడతాం. కానీ ఒక్కటి. ఇది నీ ఒక్కదాని పేరు మీద వెళ్ళడానికి వీల్లేదు. కథ మొదలయ్యేది ఆయన దగ్గర. ఆ చివర ఆయనే నిలబడాలి."

హిందీలో సేఠ్‌కు చెప్పాను, తెలుగులో మావాళ్ళకు చెప్పాను. ఒక్కసారిగా అందరూ బాపు వైపు తిరిగారు. ఆయన చేతికంటిన నూనె గుడ్డపీలికతో తుడుచుకుంటున్నాడు. తన గురించే ఏదో అంటున్నారని తెలిసింది. తల ఊపడానికి సిద్ధమవుతున్నాడు.

దగ్గరికి వెళ్ళి చెవిలో అరవచ్చు. అందరూ అదే అనుకున్నారు. నేను ఆయన ఎదురుగా, అందరికీ కనబడేలా నిలబడి చేతులు ఎత్తాను. ఒక్క సాంచా నడవడం లేదు. వద్దంటాడేమో, ముఖం తిప్పుకుంటాడేమో అనుకుంటూనే మొదలుపెట్టాను. సముద్రం చూపించాను. ఆవలి ఒడ్డు చూపించాను. నువ్వు ఆ చివర, నేను ఈ చివర. నీ కథ, నా ఆట. ఇద్దరం పోదాం బాపూ.

ఆయన నా చేతులను చూశాడు. సాంచాల దగ్గరి మనుషులను, చెల్లెలిని, వచ్చినవాళ్ళను చూశాడు. అర్థమైందని కళ్ళు చెబుతూనే ఉన్నాయి. అయినా చెయ్యి ఎత్తి చూపుడువేలు గుండ్రంగా తిప్పాడు.

మళ్ళీ చెప్పు.

చెవులు పోయిన ఇన్నేళ్ళలో మా బాపు మళ్ళీ చెప్పమని ఎవరినీ అడగలేదు. నేను మళ్ళీ చెప్పాను. ఆయన వేలు మళ్ళీ తిప్పాడు. ఈసారి కాక చేతులు లేచాయి, ఆయన పక్కవాడివి లేచాయి, సేఠ్‌వీ, అమ్మవీ, అత్తవీ లేచాయి. చిన్న చప్పుడు కూడా లేని ఆ కార్ఖానాలో అందరూ కలిసి మా బాపుకు చేతులతో చెప్పారు.